ఈ మధ్య వచ్చిన హారర్, థ్రిల్లర్, సైన్స్ ఫిక్షన్ నవలలు: ఏవి నిలబడ్డాయి? మన తీరం మీద రాస్తే ఎక్కడ జారుతున్నాయి?

పెన్నాగట్టు (నెల్లూరు) అడిగింది:

నెలకొకసారి కూర్చునే మా చదువరుల గుంపుకి వచ్చే ఆరు నెలల పట్టీ వేయాల. ఈసారి హారర్, థ్రిల్లర్, సైన్స్ ఫిక్షన్ మాత్రమే, అదీ కొత్తవే అనుకున్నాం. ఐదు తేలాయి, ఆరోది దొరకలా. ఐదింటి మీద నా అభిప్రాయం రాస్తున్నా. మొహమాటం లేకుండా ఖండించండి.

ప్రాజెక్ట్ హెయిల్ మేరీ, ఆండీ వీర్, 2021. ఒకతను అంతరిక్ష ఓడలో కళ్లు తెరుస్తాడు, పేరు కూడా గుర్తుండదు. గుర్తొచ్చే కొద్దీ కథ రెండు కాలాల్లో నడుస్తుంది. లెక్క, ప్రయోగం, తప్పు, మళ్లీ లెక్క. ఈ వరస ఎక్కడా తెగదు. నచ్చనిదల్లా ఆ మనిషి హుషారు. సూర్యుడి వెలుగు తగ్గిపోతా ఉంటే కూడా బడిపిల్లలకి పాఠం చెప్పినట్టే మాట్లాడతాడు.

మెక్సికన్ గోథిక్, సిల్వియా మొరీనో-గార్సియా, 2020. 1950ల నాటి మెక్సికో, కొండ మీద పాత బంగళా, వెండి గనితో బతికి చితికిపోయిన ఇంగ్లీషు కుటుంబం. మొదటి నూరు పేజీలూ గోడకాగితం, బూజు, దగ్గు, అంతే. చాలామంది అక్కడే మూసేస్తారు. నాకైతే ఆ నూరు పేజీలే పుస్తకం. చివర్లో అంతా విప్పి చెప్పేసరికి భయం ఆవిరైపోయింది.

ద సైలెంట్ పేషెంట్, అలెక్స్ మైకెలిడీస్, 2019. మొగుణ్ని కాల్చి, ఆపైన నోరు తెరవని చిత్రకారిణి. ఒక్క రాత్రిలో అయిపోయే పుస్తకం. రెండోసారి చదివితే మాత్రం అన్నీ అనుమానాలే.

ద త్రీ-బాడీ ప్రాబ్లెమ్, లియు సిషిన్. చైనాలో పుస్తకంగా 2008లో, కెన్ లియు ఇంగ్లీషు అనువాదం 2014లో వచ్చాయి. మరుసటి ఏడు సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు తెచ్చుకుంది. ఆలోచన గొప్పది, మనుషులే ఒక్కరూ గుర్తుండరు.

ఆర్బిటల్, సమంతా హార్వీ, 2023. మరుసటి ఏడు బుకర్ వచ్చింది. ఆరుగురు వ్యోమగాములు, ఒక్క రోజు, భూమి చుట్టూ 16 తిరుగుళ్లు. కథ అనేది లేదు. ఇది సైన్స్ ఫిక్షనా కాదా అని మాలో మాకే కొట్లాట.

రెండో ప్రశ్న. శ్రీహరికోట, పులికాట్, చీమకుర్తి క్వారీలు, రొయ్యల గుంటలు, ఇట్టాంటి చోట్ల పెట్టి తెలుగులో రాసే థ్రిల్లర్లు సగానికొచ్చేసరికి ఎందుకని చప్పబడతాయి? రచయితల పేర్లొద్దు. ఏ వివరం తప్పితే కథ కూలుతుందో అది చెప్పండి. ముడి విప్పే మాట రాసేటప్పుడు ముందు స్పాయిలర్ అని పెట్టండి.

---

సూళ్లూరుపేట ప్యాసింజర్:

ముందు హెయిల్ మేరీ హుషారు సంగతి. హుషారు లేకపోతే ఆ పుస్తకంలో ఉన్న లెక్కంతా ఎవరు చదువుతారన్నా? లెక్క మాత్రం గట్టిది. అందులో ఓడ పోయేది టౌ సెటి నక్షత్రానికి, దూరం దాదాపు 12 కాంతి సంవత్సరాలు. 1.5 జీ (భూమి లాగే బలానికి ఒకటిన్నర రెట్లు) త్వరణంతో సగం దారి వేగం పెంచుకుంటా, సగం దారి తగ్గించుకుంటా పోతే ఓడలో గడిచేది సుమారు 4 ఏళ్లు, భూమ్మీద 13 ఏళ్లు దాటుతుంది. సాపేక్షతా సూత్రాలు తెలిసినోళ్లు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. అదే రచయిత ముందు రాసిన ద మార్షియన్‌లో కథ మొదలయ్యే తుపానే తప్పు. అంగారకుడి మీద గాలి పీడనం మన దగ్గరున్న దాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు, ఎంత వేగంగా వీచినా రాకెట్టుని పడగొట్టే బలం దానికి రాదు. ఆ సంగతి రచయితే ఒప్పుకున్నాడు. అయినా పాఠకుడు వదిలేశాడు. ఎందుకంటే అది ఒక్కటే పెద్ద తప్పు, అదీ మొదటి పేజీల్లోనే. అక్కణ్నుంచి నీళ్లు ఎట్ట చేసుకోవాల (హైడ్రజీన్‌ని ఇరిడియం మీద విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ని మండించి), దుంపలు ఎన్ని పండుతాయి, అంతా లెక్కే.

మన శ్రీహరికోట కథల్లో తిరగబడేది ఇదే. మొదట్లో అంతా బాగుంటుంది, అసలు ముడి దగ్గర తప్పు. ఎక్కువగా కనపడే తప్పు, రాకెట్టు అంటుకున్నాక హీరో మీట నొక్కి ఆపేయడం. పీఎస్ఎల్‌వీ (ఇస్రో రాకెట్టు) మొదటి అంచె ఘన ఇంధనం. ఒకసారి అంటుకుంటే దాన్ని ఆపే మార్గం లేదు, కాలినంతసేపు కాలాల్సిందే. మరి ఉత్కంఠ కావాలంటే జీఎస్ఎల్‌వీ తీసుకోండి. దాంట్లో పక్కనుండే నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లు 4.8 సెకన్ల ముందే అంటుకుంటాయి, వాటి బలం సరిగ్గా వచ్చిందని కంప్యూటరు చూసుకున్నాకే నడిమి ఘన అంచె అంటుకుంటుంది. అంటే మంట వచ్చాక కూడా ఆపడానికి నాలుగున్నర సెకన్ల పైచిలుకు సందుంది. కల్పన కాదు, 2001 మార్చి 28న మొదటి జీఎస్ఎల్‌వీకి జరిగింది ఇదే. ఒక బూస్టరు సరైన బలం ఇవ్వలేదు, కంప్యూటరు ఆపేసింది. మళ్లీ ఏప్రిల్ 18న ఎగిరింది. ఆపింది మనిషి కాదు, కంప్యూటరు. థ్రిల్లర్ రాసేవాడికి అసలు సరుకు అక్కడుంది: మనిషి చెయ్యి పెట్టగలిగిన చివరి క్షణం ఎక్కడ ముగిసింది?

ఎగిరాక మనిషి చేతిలో మిగిలేది ఒక్కటే, దారి తప్పితే పేల్చేయడం. ఆ పని రేంజ్ సేఫ్టీ వాళ్లది. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీని నిమిషం దాటంగానే అట్టనే పేల్చేయాల్సి వచ్చింది. ఈ మీట చుట్టూ ఒక్క తెలుగు నవల కూడా నా కళ్లబడలా.

చిన్న చిన్నవి ఇంకొన్ని. "పది, తొమ్మిది, ఎనిమిది" తోనే కౌంట్‌డౌన్ మొదలైనట్టు రాస్తారు, పీఎస్ఎల్‌వీకి అది దాదాపు 25 గంటల పని. ప్యాడ్ దగ్గర పెట్రోలు వాసన రాస్తారు, అక్కడ పెట్రోలు లేదు. లీకైతే ఎర్రగోధుమ పొగ రావాల (నైట్రోజన్ టెట్రాక్సైడ్), అది పీలిస్తే ఊపిరితిత్తులు పాడైపోతాయి. ధ్రువ కక్ష్యకి పోయే రాకెట్టు నేరుగా దక్షిణానికి పోదు, కింద శ్రీలంక ఉంది కాబట్టి ముందు ఆగ్నేయానికి పోయి తర్వాత వంపు తిరుగుతుంది. ఆ వంపుకి ఇంధనం ఖర్చు. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర ఇంకో ప్రయోగ కేంద్రం కడతా ఉండేది ఆ ఖర్చు తప్పించుకోవడానికే.

అన్నిటికన్నా చిరాకు శబ్దం. మంట కనపడంగానే చెవులు బద్దలయ్యే మోత అని రాస్తారు. శబ్దం కిలోమీటరుకి 3 సెకన్లు తీసుకుంటుంది. పులికాట్ ఒడ్డున 15 కిలోమీటర్ల దూరంలో నిలబడితే ముక్కాలు నిమిషం పాటు రాకెట్టు నోరు లేకుండా ఎక్కుతుంది, ఆ తర్వాతే మోత మీద పడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని వాడుకోవాల కదబ్బా, అది దేవుడిచ్చిన సస్పెన్సు. నెల్లూరు దాకా 80 కిలోమీటర్ల పైనే, అంటే నాలుగు నిమిషాలు. అప్పటికి రాకెట్టు మాయం, వినపడ్డానికి కూడా మిగలదు. ఒంగోలు నుంచి చూడాలంటే అది 3 కిలోమీటర్ల పైకి లేచేదాకా భూమి వంపే అడ్డం.

ఇంకోటి, 2022 జిల్లాల విభజన తర్వాత సూళ్లూరుపేట తిరుపతి జిల్లా. కథ ఆ తర్వాత కాలానిదైతే నెల్లూరు ఎస్పీని ఆడికి పంపొద్దు.

---

రోహిణికార్తె (ఒంగోలు):

థ్రిల్లర్ల మాట నేను చెప్తా. సైలెంట్ పేషెంట్ మీద అనుమానాలు అన్నారు, ఏవో రాయలేదు. నాకు తోచిన పెద్దది ఇది.

స్పాయిలర్. రెండు కథలు పక్కపక్కన, ఒకే కాలంలో జరుగుతున్నట్టు నడిపి, నిజానికి వాటి మధ్య ఏళ్లు ఉన్నాయని చివర్లో చెప్పడమే ఆ పుస్తకం కిటుకు. ఆ చిత్రకారిణికి చికిత్స చేసే సైకోథెరపిస్టు అధ్యాయాలకు తేదీలు లేకపోవడం అందుకే. ఇది మోసం కాదు, రెండోసారి చదివితే ప్రతి వాక్యం నిలబడుతుంది. నిలబడనిది ఆమె డైరీ. మందు ఎక్కి స్పృహ తప్పుతున్న మనిషి చివరి పేజీ అంత పొందికగా రాయగలదా? రచయితకి ఆ సమాచారం పాఠకుడికి చేరాలి, వేరే దారి లేక డైరీ చేతిలో పెట్టాడు.
స్పాయిలర్ అయిపోయింది.

ఇప్పుడు మన జిల్లాలు. హత్య కథలో మొదట వచ్చేది చనిపోయిన సమయం. డాక్టరు శవం చెయ్యి ముట్టుకుని "చల్లగా ఉంది, ఆరు గంటలైంది" అంటాడు. ఇది చలిదేశాల పుస్తకాల నుంచి దిగిన లెక్క. ఒంగోలులో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉంటుంది, మనిషి ఒళ్లు 37. శవం చల్లబడేది ఎట్లా? ఎండలో పడుంటే వేడెక్కుతుంది కూడా. కాబట్టి వేసవి హత్యలో ఒంటి వేడి ఆధారం కాదు. శవం బిగుసుకోవడం కూడా తొందరగానే మొదలై తొందరగానే వదిలేస్తుంది. మామూలుగా గంటా రెండు గంటల్లో మొదలై పన్నెండు గంటలకి ఒళ్లంతా పాకుతుంది. చలికాలంలో 24 నుంచి 48 గంటలు ఉండేది వేసవిలో 18 నుంచి 36కే సడలిపోతుంది. హంతకుడు ఈ తేడా తెలిసినవాడైతే అదే కథ! ఏసీ గదిలో శవాన్ని పెట్టి తెల్లారి ఎండలో పడేస్తే లెక్కలన్నీ తారుమారు. ఇంత సులువైన ముడి మన ఎండల్లో పెట్టుకుని, మంచు కురిసే ఊళ్ల నుంచి అప్పు తెచ్చుకుంటున్నాం.

అర్ధరాత్రి పోస్టుమార్టం. మెరుపులు, ఒక్క బల్బు, డాక్టరు, అనుమానాస్పద మృతి. 2021 నవంబరు దాకా సూర్యాస్తమయం తర్వాత పోస్టుమార్టం మామూలుగా చేసేవాళ్లు కాదు. అప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ సౌకర్యాలున్న ఆసుపత్రులకి అనుమతి ఇచ్చింది గానీ హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానం ఉన్న కేసులు అందులోంచి తీసేసింది. శాంతిభద్రతల సమస్య ఉంటేనే మినహాయింపు. అంటే సరిగ్గా థ్రిల్లర్‌లో వచ్చే కేసుకే రాత్రి కుదరదు. రాత్రి సీను కావాలంటే ఊళ్లో గొడవ ఒకటి ముందే రేపాలి. అప్పుడు సీను కారణంతో వస్తుంది.

పెళ్లయి ఏడేళ్లు నిండని కోడలు ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవపంచనామాకి ఎస్సై ఒక్కడు చాలడు, తహసీల్దారు రావాలి. ఆ ఆలస్యం, ఆ గుమిగూడిన బంధువులు, ఆ పందిట్లో ఎవరు ఎవరి మొహం చూడటం లేదు. ఇక్కడ మంచి రచయితకి ఇరవై పేజీలుంటాయి, మనవాళ్లు ఒక్క లైనులో దాటేస్తారు.

సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి 302 కాదు, 103. ఎఫ్ఐఆర్ సీఆర్‌పీసీ 154 కింద కాదు, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్ష సంహిత) 173 కింద. నేరం ఆ తేదీకి ముందు జరిగి ఉంటే మాత్రం 302 అని రాయడమే ఒప్పు.

మత్తుమందు రుమాలు మూతి మీద పెట్టగానే పడిపోవడం సినిమా సంగతి. క్లోరోఫాంకి ఐదు నిమిషాల దాకా పడుతుంది, అంతసేపూ మనిషి తన్నుకుంటాడు. సెల్ టవరు లొకేషన్ చుక్కలాగా తెర మీద కదలడం ఇంకోటి. కనిగిరి వైపు పల్లెల్లో టవరుకి టవరుకి కిలోమీటర్ల ఎడం ఉంటుంది. కాల్ డేటా చెప్పేది ఏ టవరు, ఏ వైపు అని. ఏ ఇల్లు అని కాదు. ఆ మసకే కథకి బలం. ఆ వైపున్న నాలుగు ఊళ్లలో ఎవడో ఒకడు.

శవాన్ని చీమకుర్తి క్వారీ గుంటలో పడేసే కథలు తరచుగా వస్తున్నాయి కాబట్టి అదీ చెప్తా. మామూలు చెరువులో వేసవిలో ఒక రోజుకి, చలికాలంలో రెండు మూడు రోజులకి శవం ఉబ్బి తేలుతుంది. క్వారీ గుంట లోతెక్కువ, అడుగు నీళ్లు చల్లన. కుళ్లడం నెమ్మది, పైగా లోతులో నీటి బరువుకి లోపలి గ్యాసు నొక్కుకుపోతుంది. కాబట్టి చాలా ఆలస్యంగా తేలొచ్చు, తేలకనూ పోవచ్చు. హంతకుడు అది ఎంచుకోవడం తెలివైన పనే, దాన్ని మూడో రోజు పొద్దున్నే తేల్చేసేది రచయితే. ఇంకా, గెలాక్సీ గ్రానైటు క్వారీలో కొండంత పేలుడు రాయకండి. గట్టిగా పేలిస్తే బ్లాకు చిట్లి ఎగుమతికి పనికిరాదు, అందుకని డైమండ్ వైరు పెట్టి నీళ్లు పోస్తూ కోస్తారు. ఘనమీటరు రాయి 3 టన్నులు. దాన్ని హీరో గడ్డపారతో దొర్లించలేడు.

మునిగి చచ్చాడా, చచ్చాక పడేశారా అన్నదానికి డయాటమ్ పరీక్ష ఉంది. నీళ్లలో ఉండే కంటికి ఆనని పాచి, ఊపిరి ఉండగా మునిగితే రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా పోతుంది. పెన్నలో ఉండే రకాలు వేరు, సముద్రంలోవి వేరు, పులికాట్ లాంటి ఉప్పు కలిసిన నీళ్లవి వేరు. మైపాడు సముద్రం ఒడ్డున దొరికిన శవం మజ్జలో మంచినీటి రకాలు ఉంటే? దీన్నొక్కదాన్నే పట్టుకుని కోర్టు తేల్చదు, మిగతా ఆధారాలకి తోడుగా చూస్తుంది. నవలకి అంతే చాలు.

---

ఒంగోలు గిత్త:

త్రీ-బాడీ మీద ఒక్క మాట. అందులో వచ్చే గ్రహం ఆల్ఫా సెంటారి అనే నక్షత్రాల గుంపులో ఉందంటాడు, మూడు సూర్యుల మధ్య దిక్కులేక తిరుగుతుందంటాడు. అసలు ఆల్ఫా సెంటారిలో రెండు పెద్ద నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి 80 ఏళ్లకోసారి బుద్ధిగా తిరుగుతాయి. మూడోది ప్రాక్సిమా. అది వాటికి కాంతి సంవత్సరంలో అయిదో వంతు దూరంలో ఉంది, ఒక చుట్టుకి లక్షల ఏళ్లు. అంటే అక్కడ గందరగోళమే లేదు. పుస్తకం పునాదే అది. అయినా పట్టీలో ఉంచండి, సాంస్కృతిక విప్లవంతో మొదలయ్యే ఆ మొదటి అధ్యాయాల కోసం. మనుషులు గుర్తుండరు అన్నారు, యె వెంజియె గుర్తుండదా మీకు? నేను ఒప్పుకోను.

---

పెన్నాగట్టు:

గిత్తన్నా, ఆమె సరే. మిగతావాళ్లు? వాంగ్ మియావో ఏం పని చేస్తాడో పుస్తకం మూశాక చెప్పు చూద్దాం.

---

ఒంగోలు గిత్త:

నానో పదార్థాలు. కాకపోతే ఆ దారం గుర్తుండబట్టి ఆయన గుర్తున్నాడు, ఓడిపోయా.

---

కాకిబంగారం (గూడూరు):

హారర్ ఎవరూ ముట్టుకోలేదు, అందుకని నేను.

మెక్సికన్ గోథిక్ చివర్లో విప్పి చెప్పడం వల్ల భయం పోయిందన్నారు. స్పాయిలర్: గోడల్లో, మనుషుల్లో పాకిన శిలీంధ్రమే ఆ ఇంటి దెయ్యం. ఆ సంగతి చివర్లో హఠాత్తుగా పడలేదు. శ్మశానంలో పుట్టగొడుగులు, గోడకాగితం మీద కదిలే బంగారు రంగు, తోక మింగే పాము గుర్తు, అన్నీ ముందే పెట్టింది. చాలామంది మూసేస్తారని మీరన్న ఆ నూరు పేజీలు ఈ లెక్క కట్టడమే. హారర్‌లో దెయ్యం ఏం చేయగలదు అన్నదానికన్నా ఏం చేయలేదు అన్నది ముందు తేలాలి. ఆ శిలీంధ్రం ఇల్లు దాటి రాలేదు, అందుకే గుమ్మం అంటే పాఠకుడికి గుండె దడ. స్పాయిలర్ ఆపేశా.

మన తెలుగు హారర్‌కి తులసిదళం నాటి నుంచి చేతబడి ఒక్కటే దారైంది. ఆ నవలలో కనీసం మంత్రానికీ వైద్యానికీ మధ్య పోటీ నడుస్తుంది. తర్వాత వచ్చినోళ్లు నిమ్మకాయలు మాత్రం తీసుకుని పోటీ వదిలేశారు. దెయ్యం మొదటి అధ్యాయంలో తలుపు తీయలేదు, పదో అధ్యాయంలో లారీ ఎత్తి విసిరేస్తుంది. ఇంకేం భయం?

మన నేల మీద భయానికి కొరతా? గూడూరు, సైదాపురం వైపు వదిలేసిన అభ్రకం గనులున్నాయి. రాత్రి టార్చి కొడితే గోడంతా కాకిబంగారం పెచ్చులు మెరుస్తాయి, చేయి కదిపితే ఆ మెరుపూ కదుల్తుంది. ఎవరో కళ్లు తెరిచి మూసినట్టే. ఇక పాడుబడ్డ గని, పాత దిగుడుబావి. దిగినవాడు తిరిగిరాలేదు, వాణ్ని తీయబోయిన ఇద్దరూ రాలేదు అని ఊళ్లో చెప్పుకుంటారు. కారణం దెయ్యం కాదు, కింద ప్రాణవాయువు లేకపోవడం. బొగ్గుపులుసు వాయువు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, అడుక్కి చేరి కూర్చుంటుంది. మామూలు గాలిలో 21 పాళ్లు ఉండే ప్రాణవాయువు 16 దగ్గరికి పడితే దీపం ఆరిపోతుంది, 10 కిందకి పోతే మనిషి కేకైనా వేయకుండా కూలిపోతాడు. కేక ఉండదు. పైనున్నవాడు "పేరు పెట్టి పిలిచా, పలకలా" అని దిగుతాడు. ఇంతకన్నా నిమ్మకాయలెందుకు? రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త: ముందు లాంతరు తాడుతో దించి చూడటం తెలిసిన పెద్దమనిషి ఒకడు ఆ ఊళ్లో ఉంటాడు. వాణ్ని ఆ రోజు ఊళ్లో లేకుండా చేయాలి, లేదా వాడి మాట ఎవరూ విననట్టు చేయాలి.

రొయ్యల గుంట ఇంకోటి. రాత్రంతా ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాల) చప్పుడు, నీళ్లు కొట్టుకునే మోత. మనుషులు ఆ మోతలోనే నిద్రపోతారు, ఆగితే లేస్తారు. తెల్లవారుజామున మూడున్నర, నాలుగుకి మోత ఆగింది అని రాస్తే అక్కడ తెలిసినవాడికి వెన్నులో జలదరింపు. పొద్దు పొడవకముందే గుంటలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ, రాత్రంతా పాచి కూడా దాన్నే వాడుకుంటుంది కాబట్టి. లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందకి పోతే రొయ్య తల్లడిల్లుతుంది, ఇంకా దిగితే వేలకి వేలు గట్టు వారకి, నీటి పైకి వచ్చేస్తాయి. టార్చి వెలుగులో ఎర్రగా వాటి కళ్లు. అడుగు బురద కదిలితే కుళ్లిన గుడ్డు వాసన. ఇదంతా నిజం, ఒక్క ముక్క కల్పించక్కర్లేదు.

పిట్టల విషయం. తీతువు కూస్తే చావు కబురని మనకో నమ్మకం. ఆ పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది, రాత్రిపూట ఎవడైనా చేలో అడుగుపెడితే గొంతు చించుకుంటుంది. అంటే అది కూసిందంటే అక్కడ మనిషి ఉన్నట్టు. గుడ్లగూబని పక్కన పెట్టి దీన్ని వాడితే నమ్మకమూ వస్తుంది, ఆధారమూ వస్తుంది.

వానలు. జూలైలో నెల్లూరులో కుండపోత, పెన్నకి వరద, బంగళా చుట్టూ నీళ్లు. హైదరాబాదులో కూర్చుని రాస్తే ఇట్టనే ఉంటుంది. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో. పులికాట్ నిండేది కూడా అప్పుడే. మే నెలలో చాలా మేర అడుగు పగుళ్లిచ్చి ఎండిపోయి ఉంటుంది, అక్కడ పడవ ఛేజింగ్ పెట్టడానికి లేదు. ఫ్లెమింగోలూ అప్పటికి చాలావరకు పోయుంటాయి, అవి చలికాలం పిట్టలు. సముద్రం ఆటుపోటు కూడా మన దగ్గర మీటరు అటూ ఇటూ, అర కిలోమీటరు వెనక్కి పోయి పాత గుడి బయటపడే సీను గుజరాత్ తీరానికి నప్పుతుంది, మనకి కాదు.

ఆరో పుస్తకం అడిగారు కదా, ద ఓన్లీ గుడ్ ఇండియన్స్, స్టీఫెన్ గ్రాహం జోన్స్, 2020. బ్లాక్‌ఫీట్ అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్లు నలుగురు, పదేళ్ల కిందట వేటాడకూడని చోట దుప్పిజాతి జంతువులని (అక్కడ ఎల్క్ అంటారు) కాల్చారు. అందులో ఒకటి కడుపుతో ఉంది. అది వెతుక్కుంటా వస్తుంది. భయపెట్టేది ఆ జంతువు ఒక్కటే కాదు, మంచు, పాత ట్రక్కు, మాంసం కోసే పద్ధతి, బాస్కెట్‌బాల్ ఆట, అన్నీ ఆ తెగ మనిషి రాశాడు కాబట్టి. హింస బాగా ఎక్కువ, ముఖ్యంగా కుక్కలకి జరిగేది. గుంపులో తట్టుకోలేని వాళ్లుంటే ముందే చెప్పండి.

---

సూళ్లూరుపేట ప్యాసింజర్:

ఆర్బిటల్ గొడవ తేల్చలేదు ఎవరూ. అందులో ఉండేది దాదాపు అంతా నిజంగా జరిగేదే, గంటన్నరకో చుట్టు, రోజుకి 16 సూర్యోదయాలు, వ్యాయామం, ఎలకల ప్రయోగాలు. కల్పిత విజ్ఞానం లేదు కాబట్టి సైన్స్ ఫిక్షన్ కాదు అన్నది నా మాట. కానీ ఫిలిప్పీన్స్ వైపు పోతున్న తుపానుని పైనుంచి చూసే భాగాలు చదవండి. టీవీలో తుపాను కన్ను చూసి ఇంట్లో బియ్యం సర్దుకునే తీరం మనది, మనకి అది వేరుగా తగుల్తుంది. 136 పేజీలే.

---

పెన్నాగట్టు:

అందరికీ దండాలు. వరస ఇట్ట పెడతా ఉండా: మొదటి నెల ఆర్బిటల్, చిన్నది కాబట్టి అందరూ పూర్తి చేస్తారు. తర్వాత సైలెంట్ పేషెంట్, దాంతోపాటు రోహిణికార్తె గారి ఎండ లెక్కలు ఒక కాగితం మీద. మూడు హెయిల్ మేరీ, నాలుగు మెక్సికన్ గోథిక్ (ముగింపు మీద నా మాట మాత్రం వెనక్కి తీసుకోను). ఐదు త్రీ-బాడీ, గిత్తన్న వచ్చి వాదించాల. ఆరు జోన్స్ పుస్తకం.

కాకిబంగారం అక్కా, ఒక్క సందేహం. గుంటలో మోత ఆగింది అన్నారు. కరెంటు పోతే జనరేటరు ఉంటుంది కదా, అప్పుడు భయం ఎట్ట నిలబడుతుంది?

---

కాకిబంగారం (గూడూరు):

ఉంటుంది తమ్ముడూ, అది లేకుండా ఎవరూ వన్నామి రకం రొయ్య వేయరు. ఒక హెచ్‌పీ ఏరియేటరుకి 500 కిలోల రొయ్య అని మోటు లెక్క, చిక్కగా వేసిన గుంటలో తెల్లవారుజామున మోత ఆగితే గంటా రెండు గంటల్లోనే సరుకు పోవచ్చు. అందుకని కాపలా మనిషి చేసే మొదటి పని జనరేటరు దగ్గరికి పరిగెత్తడం. కథలో దాన్ని ఆపాలంటే దెయ్యం వద్దు. డీజిలు అయిపోయి ఉండొచ్చు, బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తిరగకపోవచ్చు, ట్యాంకులో నీళ్లు చేరి ఇంజను దగ్గి ఆగిపోవచ్చు. మూడోది బాగుంటుంది. ఒకసారి అంటుకుంటుంది, ఏరియేటర్లు పది చుట్లు తిరుగుతాయి, మళ్లీ ఆగుతుంది. వాడు ఫిల్టరు విప్పి నీళ్లు వంచి, చేతిపంపు కొట్టి గాలి తీసేలోగా ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో గట్టు మీద ఇంకెవరున్నారో మీ ఇష్టం.